విదేశీ ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ ఎంచుకోవడం ఎలా: తిరుపతి, చిత్తూరు విద్యార్థుల కోసం

జర్మనీ మంచిదా ఫ్రాన్స్ మంచిదా, జపాన్‌లో భాష రాకపోతే ఇబ్బందా, ఎక్స్ఛేంజ్‌కి పంపడానికి కన్సల్టెన్సీ వాళ్లు ఎంత తీసుకుంటారు... నన్ను అడిగేవాళ్లందరూ దాదాపు ఈ మూడే అడుగుతారు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, ఐఐటీ, ఐసర్, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ, చిత్తూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు, ఎక్కడ చదివేవాళ్లయినా సరే. విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. దేశంతో మొదలుపెట్టకండి, మీ డిపార్ట్‌మెంట్ సిలబస్‌తో మొదలుపెట్టండి. అక్కడ చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు ఇక్కడి మార్కుల మెమోలో ఎక్కాలి. ఎక్కకపోతే లక్షలు ఖర్చయ్యాక కూడా తిరిగొచ్చి జూనియర్లతో కూర్చుని అవే పేపర్లు మళ్లీ రాయాలి. ఊరు, వాతావరణం, ర్యాంకింగ్ అన్నీ ఆ తర్వాతే.

మీరు వెళ్లాలనుకుంటున్నది నిజంగా ఎక్స్ఛేంజేనా?

ఎక్స్ఛేంజ్ అంటే మీ యూనివర్సిటీకి, అక్కడి యూనివర్సిటీకి మధ్య ఒప్పందం ఉంటుంది. మీరు ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, ఒకటో రెండో సెమిస్టర్లు చదివి వెనక్కి వస్తారు, డిగ్రీ ఇక్కడిదే. ఒప్పందం లేకుండా మీ అంతట మీరు అప్లై చేసి ఒక సెమిస్టర్ చదివితే అది విజిటింగ్, యూరప్‌లో ఫ్రీ మూవర్ అంటారు. చాలా చోట్ల అక్కడి ఫీజు మొత్తం మీరే కట్టాలి. ట్విన్నింగ్ ఇంకొకటి, 2022 యూజీసీ నిబంధనల ప్రకారం మీ డిగ్రీ క్రెడిట్లలో 30 శాతం దాకా విదేశంలో చేయొచ్చు, కానీ అది మీరు చేరిన కోర్సులోనే ముందు నుంచీ ఉండాలి.

ఎరాస్మస్ (యూరోపియన్ యూనియన్ నడిపే విద్యా కార్యక్రమం) పేరు దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. ఎరాస్మస్ ముండస్ అంటే పూర్తి మాస్టర్స్ డిగ్రీ, దానికి మీరు నేరుగా అప్లై చేస్తారు, స్కాలర్‌షిప్ నెలకు 1,400 యూరోలు. ఎరాస్మస్ ప్లస్ క్రెడిట్ మొబిలిటీ అంటే ఎక్స్ఛేంజ్, రెండు నుంచి పన్నెండు నెలలు, మీ యూనివర్సిటీ ద్వారానే వెళ్లాలి. రెండోదాని కోసం మొదటిదాని వెబ్‌సైట్‌లో వెతుక్కుంటూ కూర్చుంటే ఏమీ దొరకదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం మొత్తం పీడీఎఫ్ (మీ బ్యాచ్‌దే, సీనియర్లది కాదు)
- ఇప్పటిదాకా వచ్చిన సెమిస్టర్ మెమోలు, బ్యాక్‌లాగ్‌లు ఉంటే వాటి వివరాలు
- మీ కాలేజీ అకడమిక్ క్యాలెండర్
- పాస్‌పోర్ట్, తిరిగి వచ్చే తేదీ తర్వాత కూడా కనీసం ఆరు నెలలు చెల్లేలా
- ఇంటర్ దాకా ఏ మీడియంలో చదివినా, డిగ్రీ ఇంగ్లిష్ మీడియం అని కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్
- ఇంట్లో నిజంగా ఎంత పెట్టగలరో ఒక అంకె. అమ్మానాన్నలతో ఈ మాట మొదటి వారంలోనే తేల్చుకోండి, ఆఖర్న కాదు

పాస్‌పోర్ట్ లేకపోతే ఈరోజే అప్లై చేయండి. తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, 36 పేజీలదానికి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. పేరు దగ్గర జాగ్రత్త. మనలో చాలామందికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగానే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో మూడో రకంగా పడుతుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో నింపినా తంటానే, అమెరికా వీసా మీద అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని అచ్చవుతుంది. మెమో, ఆధార్, పాస్‌పోర్ట్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

1. ఒప్పందం ఉందా, అది ఇంకా అమల్లో ఉందా చూడండి

ఫలానా విదేశీ యూనివర్సిటీతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అని పేపర్లో ఫొటో వచ్చినంత మాత్రాన ఎక్స్ఛేంజ్ ఉన్నట్టు కాదు. చాలా ఎంఓయూలు 'పరిశోధనలో సహకరించుకుంటాం' అన్న ఒక్క వాక్యంతో ఆగిపోతాయి, విద్యార్థుల ఊసే ఉండదు. మీ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆఫీసుకో, డీన్ దగ్గరికో వెళ్లి ఇవి అడగండి:

- విద్యార్థుల ఎక్స్ఛేంజ్‌కి విడిగా సంతకాలైన ఒప్పందం ఉందా, దాని గడువు ఏ తేదీ వరకు?
- ట్యూషన్ ఫీజు మినహాయింపు అని అందులో స్పష్టంగా రాసి ఉందా?
- ఏడాదికి ఎన్ని సీట్లు, ఏ డిపార్ట్‌మెంట్లకి, యూజీకా పీజీకా?
- గత రెండు మూడేళ్లలో ఎవరైనా వెళ్లారా? వెళ్లినవాళ్లతో ఒకసారి మాట్లాడించగలరా?

ఆఖరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఒక్క సీనియర్ వెళ్లి వచ్చి క్రెడిట్లు ఎక్కించుకుని ఉంటే చాలు, సగం దారి ఆ అక్కో అన్నో వేసి పెట్టినట్టే.

సరిచూసుకోవడం ఎలా: అవతలి యూనివర్సిటీ వెబ్‌సైట్‌కి వెళ్లి వాళ్ల భాగస్వామ్య యూనివర్సిటీల జాబితా తీయండి. వాళ్ల విద్యార్థులు ఏయే దేశాలకు వెళ్లొచ్చో చూపించే పేజీ చాలా చోట్ల ఉంటుంది. అందులో భారతదేశం కింద మీ యూనివర్సిటీ పేరు కనబడాలి. కనబడకపోతే వాళ్ల ఇన్‌కమింగ్ ఎక్స్ఛేంజ్ కోఆర్డినేటర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి, మా యూనివర్సిటీతో ఒప్పందం అమల్లో ఉందా, వచ్చే సెమిస్టర్‌కి నామినేషన్లు తీసుకుంటున్నారా అని. చాలామంది రోజుల్లోనే జవాబిస్తారు.

కన్సల్టెన్సీల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎక్స్ఛేంజ్‌కి మిమ్మల్ని నామినేట్ చేయాల్సింది మీ యూనివర్సిటీ, బయటివాళ్లు ఎవరూ చేయలేరు. కాబట్టి 'ఎక్స్ఛేంజ్ సీటు ఇప్పిస్తాం' అని డబ్బు అడిగితే, వాళ్లు అమ్ముతున్నది ఫీజు కట్టి చేరే సెమిస్టరో సమ్మర్ స్కూలో అయి ఉంటుంది. ఫీజు వివరాలు రాసిమ్మని అడగండి, తేలిపోతుంది.

ఒప్పందం లేకపోతే? దిగులు పడకండి, దారులున్నాయి. ఐఐటీ, ఐసర్ లాంటి సంస్థల్లో ఉంటే జర్మనీలో వేసవి పరిశోధనకి డాడ్ (విద్యార్థుల ఎక్స్ఛేంజ్ చూసే జర్మనీ సంస్థ) వాళ్ల వైజ్ ప్రోగ్రాం చూడండి, అది ఎంపిక చేసిన సంస్థల విద్యార్థులకే. కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ 12 వారాల పరిశోధన ఇంటర్న్‌షిప్, దానికి భారతీయ విద్యార్థులు నేరుగా అప్లై చేసుకోవచ్చు. బీటెక్ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుని విదేశీ ప్రొఫెసర్ దగ్గర చేయనిచ్చే కాలేజీలూ ఉన్నాయి, అందులో సబ్జెక్టులు జత చేసే గొడవే ఉండదు కాబట్టి ఒప్పందం లేని కాలేజీ పిల్లలకి నేను మొదట చెప్పేది అదే.

2. ఏ సెమిస్టర్‌లో వెళ్లాలో తేల్చుకోండి

దీన్ని ఎవరూ పట్టించుకోరు, తర్వాత ఇక్కడే ఇరుక్కుంటారు. మన సెమిస్టర్లు సుమారుగా జూలై నుంచి నవంబర్, డిసెంబర్ దాకా, మళ్లీ జనవరి నుంచి మే దాకా. జర్మనీ యూనివర్సిటీల్లో శీతాకాల సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై క్లాసులు ఫిబ్రవరి మొదట్లో ముగుస్తాయి, పరీక్షలు ఇంకా తర్వాత. వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలై జూలై దాకా. అంటే ఏప్రిల్‌లో వెళ్తే ఇక్కడి రెండు సెమిస్టర్లనూ కొరుకుతుంది: మే పరీక్షలకి ఉండరు, జూలైలో క్లాసులు మొదలయ్యేటప్పటికి రారు. జపాన్‌లోనూ ఏప్రిల్, అక్టోబర్ ప్రాంతాల్లోనే మొదలు. కొరియాలో మార్చి, సెప్టెంబర్. ఆస్ట్రేలియాలో ఫిబ్రవరి, జూలై. అమెరికాలో ఆగస్టు, జనవరి, మన క్యాలెండర్‌తో అన్నిటికంటే బాగా కుదిరేది ఇదే.

నెదర్లాండ్స్‌లో, స్వీడన్ లాంటి చోట్ల ఆగస్టు చివరో సెప్టెంబర్ మొదట్లోనో మొదలై జనవరిలో అయిపోతుంది, కాబట్టి ఇక్కడి పై సెమిస్టర్‌కి కాస్త ఆలస్యంగా చేరితే చాలు. జర్మనీకే వెళ్లాలనుంటే అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో కొన్ని సెప్టెంబర్, మార్చిలో మొదలవుతాయి, వాటిని వెతకండి.

బీటెక్ వాళ్లకి నా సలహా ఐదో సెమిస్టర్, లేకపోతే ఆరు. ఏడో సెమిస్టర్ వద్దు, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు అప్పుడే నడుస్తాయి, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఉంటాయిలే అనుకుని వెళ్తే కొన్ని కంపెనీలు నేరుగా రమ్మంటాయి. రెండేళ్ల పీజీ అయితే మూడో సెమిస్టర్ నయం, కానీ నాలుగో సెమిస్టర్ ప్రాజెక్ట్ గైడ్‌తో ముందే మాట్లాడుకుని వెళ్లండి.

సరిచూసుకోవడం ఎలా: ఒక కాగితం మీద పన్నెండు నెలలు గీసి, పైవరుసలో ఇక్కడి క్లాసులు, మిడ్లు, సెమిస్టర్ పరీక్షలు, కింద వరుసలో అక్కడివి రాయండి. రెండు వరుసల్లో పరీక్షలు ఒకే నెలలో పడుతున్నాయంటే, విడిగా పరీక్ష పెడతామని మీ కాలేజీ రాసిస్తే తప్ప ఆ యూనివర్సిటీని పక్కన పెట్టండి.

3. సబ్జెక్టులు జత చేయండి

అసలు పని ఇదే. రెండు మూడు సాయంత్రాలు కూర్చోవాలి, వేరే దారి లేదు.

ఉదాహరణకి మీరు ఈసీఈ ఐదో సెమిస్టర్ అనుకుందాం. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, కంట్రోల్ సిస్టమ్స్, యాంటెన్నాలు, ఒక ఎలక్టివ్, ఒక ఓపెన్ ఎలక్టివ్, రెండు ల్యాబ్‌లు, మొత్తం కలిపి 20 క్రెడిట్ల చుట్టూ ఉంటుంది. ఒక ఎక్సెల్ షీట్ తీసి ఎడమవైపు ఇవన్నీ, ఒక్కోదాని యూనిట్లతో సహా రాయండి. కుడివైపు అవతలి యూనివర్సిటీ కోర్సు జాబితా నుంచి దగ్గరగా ఉన్నది రాయండి. పేరు చూసి సరిపెట్టుకోవద్దు, కోర్సు వివరణ తెరిచి మీ ఐదు యూనిట్లలో ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టండి. మూడు యూనిట్లకి పైన వస్తే డిపార్ట్‌మెంట్‌లో ఒప్పించడానికి అవకాశం ఉంది. రెండే వస్తే దాన్ని ఎలక్టివ్ కింద అడగండి.

జత చేసేటప్పుడు ప్రతి కోర్సుకీ ఐదు చూడాలి.

మొదటిది, అది ఏ భాషలో చెబుతారు. జర్మనీలో మాస్టర్స్ స్థాయిలో ఇంగ్లిష్ కోర్సులు బోలెడు, బ్యాచిలర్స్‌లో చాలా తక్కువ. కోర్సు పేరు ఇంగ్లిష్‌లో ఉన్నంత మాత్రాన పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుందని కాదు, వెబ్‌సైట్ వాళ్లు పేరు మాత్రమే మార్చి పెడతారు. రెండోది, ఏ సెమిస్టర్‌లో నడుస్తుంది. శీతాకాలంలో మాత్రమే నడిచే కోర్సుని పట్టుకుని వేసవికి అప్లై చేసినవాళ్లు ఉన్నారు. మూడోది, ఎక్స్ఛేంజ్ విద్యార్థులకి తెరిచి ఉందా. కొన్ని డిపార్ట్‌మెంట్లు, ముఖ్యంగా మేనేజ్‌మెంట్, కంప్యూటర్ సైన్స్, బయటివాళ్లకి సీట్లు పరిమితంగానే ఇస్తాయి. బ్యాచిలర్స్ విద్యార్థిని మాస్టర్స్ కోర్సులోకి రానిస్తారా అన్నదీ ముందే అడగాలి. నాలుగోది, ముందు చదివి ఉండాల్సిన సబ్జెక్టులు. ఐదోది, మీరు చూస్తున్నది ఏ ఏడాది జాబితా. పోయిన ఏడాదిదైతే దానిమీద పూర్తిగా ఆధారపడకండి, ఐదు కోర్సులు కావాలంటే ఎనిమిది జత చేసి పెట్టుకోండి.

ల్యాబ్‌ల సంగతి వేరే చెప్పాలి. మన దగ్గర ల్యాబ్ విడి పేపరు, విడి క్రెడిట్లు, రికార్డు, వైవా. అక్కడ చాలా కోర్సుల్లో ల్యాబ్ థియరీలోనే కలిసి ఉంటుంది, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఒకే వరుస వస్తుంది. తిరిగొచ్చాక 'ల్యాబ్ ఎక్కడ?' అని అడుగుతారు. అందుకే ముందే ఆ కోర్సు వివరణలో ప్రాక్టికల్స్ ఉన్నాయని చూపించి, ఆ ఒక్క కోర్సునే మీ థియరీకీ ల్యాబ్‌కీ కలిపి లెక్కగట్టమని అడగండి. ఒప్పుకోకపోతే ల్యాబ్‌ని వేసవి సెలవుల్లో ఇక్కడ చేస్తానని అడగొచ్చు.

ఒకటి రెండు సబ్జెక్టులు ఎక్కడా దొరకవు, అది మామూలే. అప్పుడు స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) చూడండి. 2021 యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులని స్వయం ద్వారా చేయడానికి వీలిస్తున్నాయి, మీ కాలేజీ దాన్ని అమలుచేస్తుంటే మిగిలిన సబ్జెక్టు అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో చదవొచ్చు. ఒక్క చిక్కు, స్వయం పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి, ఆ తేదీకి మీరు ఇండియాలో ఉంటారో లేదో చూసుకోండి.

4. క్రెడిట్లు, గ్రేడ్లు: మాటలు కాదు, సంతకాలు

యూరప్‌లో ఈసీటీఎస్ క్రెడిట్లు. ఏడాదికి 60, సెమిస్టర్‌కి 30, ఒక్కో క్రెడిట్ అంటే చదువుకునే గంటలతో కలిపి 25 నుంచి 30 గంటల పని. మన దగ్గర నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు అంటే సెమిస్టర్‌కి సగటున 20. ఆ లెక్కన ఒకటిన్నర ఈసీటీఎస్‌కి మన క్రెడిట్ ఒకటి. ఇది అంచనా కోసమే, మీ యూనివర్సిటీ ఏ లెక్క ఒప్పుకుంటుందో అదే ఖాయం. 30 ఈసీటీఎస్ ఉన్నాయి కదా అని ఏడు కోర్సులు తీసుకోకండి, అక్కడ ఐదు కోర్సులకే ఊపిరాడదు.

ఇక్కడ ఎవరు సంతకం పెట్టాలన్నది మీ కాలేజీని బట్టి ఉంటుంది. ఐఐటీ, ఐసర్, యూనివర్సిటీ క్యాంపస్‌లో చదివితే డిపార్ట్‌మెంట్, డీన్ అకడమిక్స్‌తో పని అయిపోతుంది. అటానమస్ కాలేజీ అయితే బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ ఆమోదం కావాలి, ఆ సమావేశాలు ఏడాదికి కొన్నిసార్లే జరుగుతాయి కాబట్టి తేదీ కనుక్కుని అంతకుముందే అర్జీ ఇవ్వండి. జేఎన్టీయూ అనంతపురం అనుబంధ, అటానమస్ కాని కాలేజీ అయితే ప్రిన్సిపాల్ ఒక్కరు సరే అంటే సరిపోదు, పరీక్షలు పెట్టేదీ మెమో ఇచ్చేదీ యూనివర్సిటీ, అక్కడి నుంచి ఉత్తర్వు రావాలి. 'మేం చూసుకుంటాంలే, నువ్వు వెళ్లిరా' అని హెచ్‌ఓడీ గారు ఎంత ప్రేమగా చెప్పినా నమస్కారం పెట్టి కాగితం అడగండి. మీరు తిరిగొచ్చేసరికి హెచ్‌ఓడీ మారిపోయి ఉండొచ్చు.

ఆ కాగితాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. మీరు, మీ యూనివర్సిటీ, అవతలి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెట్టాలి. అక్కడి కోర్సులు, వాటి బదులు ఇక్కడ ఎక్కే సబ్జెక్టులు అందులో పేర్లతో, కోడ్‌లతో ఉండాలి.

గ్రేడ్ల మార్పిడి కూడా అందులోనో, విడిగానో రాయించుకోండి. జర్మనీలో 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే పాస్, 5.0 అంటే ఫెయిల్. ఈ సంగతి తెలియని క్లర్కు 1.3ని చూసి పదికి 1.3 అనుకునే ప్రమాదం ఉంది. ఫ్రాన్స్‌లో 20కి మార్కులు, 10 వస్తే పాస్, 14 వస్తే బాగా చదివినట్టు. దాన్ని ఊరికే శాతంలోకి మార్చి 70 అని వేస్తే మీ సీజీపీఏ పడిపోతుంది. గ్రేడ్ లేకుండా పాస్ అని మాత్రమే ఎక్కించే పద్ధతి మీ యూనివర్సిటీలో ఉంటే చాలామందికి అదే క్షేమం.

ఇంకో రెండు ప్రశ్నలు. అక్కడ ఒక సబ్జెక్టు పోతే ఇక్కడ సప్లిమెంటరీ రాయనిస్తారా? హాజరు సంగతేంటి? ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు రెండోది తప్పకుండా అడగాలి, ఆ పథకానికి 75 శాతం హాజరు కావాలి, ఆరు నెలలు బయోమెట్రిక్ పడకపోతే ఆ ఏడాది డబ్బు ఆగిపోవచ్చు. ఎక్స్ఛేంజ్ కాలాన్ని హాజరుగా పరిగణిస్తామని కాలేజీ నుంచి లెటర్ తీసుకుని, స్కాలర్‌షిప్ సెక్షన్‌లో చూపించి మరీ వెళ్లండి.

5. డబ్బు లెక్క

ట్యూషన్ ఫీజు లేదు కదా అని ఉచితం అనుకోకండి. జర్మనీ వీసాకి చూపించాల్సిన మొత్తం 2024 సెప్టెంబర్ నుంచి నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904. ఐదు నెలలకి 4,960 యూరోలు, యూరో 100 రూపాయలు వేసుకున్నా దగ్గర దగ్గర 5 లక్షలు. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) వేసిన ఆ డబ్బు మీదే, నెలనెలా మీకే వస్తుంది, కానీ ముందు ఇంట్లో చేతిలో ఉండాలి. ఫ్రాన్స్‌కి నెలకు కనీసం 615 యూరోలు చూపించాలి, పారిస్‌లో అది అద్దెకే అయిపోతుంది. దీనికి తోడు విమానం టికెట్, వీసా ఫీజు, ఇన్సూరెన్స్, ఇంటి అడ్వాన్స్, మొదటి నెల సామాన్లు.

స్కాలర్‌షిప్‌లు వెతకాల్సిన చోట్లు: ఎరాస్మస్ ప్లస్ ఎక్స్ఛేంజ్ అయితే దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోలు, ప్రయాణ ఖర్చు విడిగా. జపాన్‌కి ఒప్పందం మీద వెళ్లేవాళ్లకి జాసో (జపాన్ ప్రభుత్వ విద్యార్థి సేవల సంస్థ) స్కాలర్‌షిప్ నెలకు 80,000 యెన్‌లు, దాన్ని మీరు కాదు, అక్కడి యూనివర్సిటీ అడుగుతుంది. స్కాలర్‌షిప్ వచ్చినా మొదటి విడత తరచుగా మీరు దిగి, అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాకే పడుతుంది. టికెట్‌కీ, అడ్వాన్స్‌కీ, ఒక నెల తిండికీ సరిపడా డబ్బు విడిగా ఉంచుకోండి. మన రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య పథకాలు పూర్తి డిగ్రీ చదివేవాళ్ల కోసం, ఒక సెమిస్టర్‌కి వాటిమీద ఆశ పెట్టుకోకండి.

జర్మనీలో బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో (స్టుట్‌గార్ట్, హైడెల్‌బెర్గ్ ఉన్న రాష్ట్రం) యూరప్ బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు ఉంది, కానీ ఒప్పందం మీద వచ్చే ఎక్స్ఛేంజ్ విద్యార్థులకి లేదు. ఆ ఫీజు పేజీ చూసి భయపడి వదులుకోవద్దు. సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అనే చిన్న మొత్తం మాత్రం వేరు, అది కట్టాల్సి రావొచ్చు.

ఇంటి నుంచి డబ్బు పంపేటప్పుడు ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల లోపు అయితే బ్యాంకు టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బు మీద ముందే వసూలు చేసే పన్ను) పట్టదు. పార్ట్‌టైం చేసి సంపాదిస్తానన్న అంకెని బడ్జెట్‌లో వేయకండి. ఐదు నెలల్లో భాష రాకుండా పని దొరికి, జీతం పడేటప్పటికి తిరుగు టికెట్ వస్తుంది.

6. వీసా: ఆ దేశం మీ ఎక్స్ఛేంజ్‌ని ఏ గడిలో వేస్తుంది?

యూరప్‌లో 90 రోజులు దాటితే షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే) విజిట్ వీసా పనికిరాదు, నేషనల్ వీసా కావాలి. ఫ్రాన్స్‌కి ముందు కాంపస్ ఫ్రాన్స్ (విదేశీ విద్యార్థుల కోసం ఉన్న ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ) ప్రక్రియ పూర్తి చేయాలి, చెన్నైలో వాళ్ల ఆఫీసు ఉంది. జర్మనీకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది) మీ రకం ప్రోగ్రాంకి అవసరమా కాదా అన్నది కాన్సులేట్ చెక్‌లిస్ట్‌లోనే చూడండి, కావాలంటే ఫీజు 18,000 రూపాయలు, వారాలు పడుతుంది. బ్రిటన్‌లో ఆరు నెలల లోపు చదువు విజిటర్ వీసా మీదే అవుతుంది, పని చేయడానికి మాత్రం వీల్లేదు. కెనడాలో ఆరు నెలల లోపైతే స్టడీ పర్మిట్ అక్కర్లేదు, విజిటర్ వీసా చాలు. కొరియాలో ఎక్స్ఛేంజ్‌కి విడిగా డీ-2-6 అని ఉంది. అమెరికాకి మామూలుగా జే-1, దానికి అక్కడి యూనివర్సిటీ డీఎస్-2019 ఫారం పంపాలి, ప్రమాదానికో జబ్బుకో కనీసం లక్ష డాలర్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి. జే-1లో కొందరికి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు పడుతుంది, ముఖ్యంగా ప్రభుత్వ నిధులతో వెళ్లేవాళ్లకి. తర్వాత అక్కడే ఉద్యోగం చేయాలన్న ఆలోచన ఉంటే ఫారం మీద ఆ గడి చూసుకుని సంతకం పెట్టండి. జపాన్‌కి అక్కడి యూనివర్సిటీ ముందు సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ తెప్పించి పంపుతుంది, అది చేతికొచ్చాకే వీసా.

మనవాళ్లకి చెన్నై దగ్గర కావడం పెద్ద సౌకర్యం. తెల్లవారుజామున బస్సెక్కితే వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే కేంద్రం) పని చూసుకుని రాత్రికి ఇంట్లో ఉంటారు. కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే వారాల పని, అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే స్లాట్ వెతకండి.

7. ఇప్పుడు దేశం, ఊరు చూడండి

ఇక్కడిదాకా వచ్చేసరికి మీ జాబితాలో మూడో నాలుగో మిగులుతాయి. వాటిలో ఎంచుకోవడానికి నేను మొదట అడిగేది ఇల్లు. ఎక్స్ఛేంజ్ విద్యార్థులకి హాస్టల్ గది యూనివర్సిటీయే ఇప్పిస్తుందా, లేక మీరే వెతుక్కోవాలా? నెదర్లాండ్స్‌లో, మ్యూనిక్, పారిస్ లాంటి ఊళ్లలో గది దొరకడం చాలా కష్టం, ఐదు నెలలకే అంటే ఇంకా కష్టం. గది ఇస్తామన్న చిన్న ఊరి యూనివర్సిటీ, గది ఇవ్వని పెద్ద పేరున్న యూనివర్సిటీ కంటే నా దృష్టిలో మేలు. గది చూడకుండా, తాళం చేతికి రాకుండా ఎవరికీ అడ్వాన్స్ పంపొద్దు. 'నేను ఊళ్లో లేను, డబ్బు వేస్తే తాళాలు కొరియర్ చేస్తాను' అన్నవాడు ఏ దేశంలోనైనా మోసగాడే.

శాకాహారులైతే వంటగది ఉన్న హాస్టల్ అడగండి. యూరప్‌కి నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు తీసుకెళ్లనివ్వరు, ఆవకాయకీ కందిపొడికీ ఇబ్బంది లేదు, ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి పెట్టండి.

8. నామినేషన్, అప్లికేషన్

వరుస ఇది: మీ యూనివర్సిటీలో ఎంపిక, అక్కడికి నామినేషన్, ఆ తర్వాత మీ అప్లికేషన్. నామినేషన్ లేకుండా మీరు ఎంత బాగా అప్లై చేసినా పక్కన పడేస్తారు. ఆగస్టు, సెప్టెంబర్‌లో మొదలయ్యే సెమిస్టర్‌కి నామినేషన్ గడువు సాధారణంగా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో ఉంటుంది. జనవరి తర్వాత మొదలయ్యేవాటికి అంతకు ముందు సెప్టెంబర్, అక్టోబర్. కాబట్టి మీ పని పది నెలలు, ఏడాది ముందు మొదలవ్వాలి. రెండో ఏడు చదివే వాళ్లకి ఐదో సెమిస్టర్ కావాలంటే మొదటి మూడు దశలు ఇప్పుడే చేయాలి.

ఐఈఎల్‌టీఎస్ రాయాలా అని అందరూ అడుగుతారు. చాలా యూనివర్సిటీలు ఎక్స్ఛేంజ్‌కి ఇంగ్లిష్ మీడియం సర్టిఫికెట్ చాలంటాయి. వాళ్ల పేజీలో చూసి, అవసరమైతేనే కట్టండి. స్కోరు రెండేళ్లు చెల్లుతుంది, తర్వాత ఎమ్మెస్‌కి వాడుకోవాలనుకుంటే ఆ లెక్క వేసుకుని రాయండి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో చిన్నప్పటి కలల గురించి రాయకండి. ఏ కోర్సులు, అవి ఇక్కడి ఏ సబ్జెక్టులకి కొనసాగింపు, తిరిగొచ్చి ఏ ప్రాజెక్టులో వాడతారు, ఈ మూడూ ఒక పేజీలో చాలు. మూడో దశలో చేసిన ఎక్సెల్ షీట్ ఉంటే ఇది గంటలో అయిపోతుంది.

9. వెళ్లాక, తిరిగొచ్చే ముందు

మొదటి రెండు వారాల్లో కనీసం ఒక కోర్సు మారుతుంది. సీట్లు నిండిపోయాయనో, టైంటేబుల్ కుదరలేదనో. మారిన రోజే లెర్నింగ్ అగ్రిమెంట్‌లో మార్పు రాసి, ఇక్కడి కోఆర్డినేటర్‌కి మెయిల్ చేసి, సరే అన్న జవాబు వచ్చేదాకా వెంటపడండి. అందరూ మర్చిపోయేది ఇదే, ఆ ఒక్క కోర్సే తర్వాత మెమోలో ఎక్కకుండా ఆగిపోతుంది. జర్మనీలో చాలా చోట్ల పరీక్షకి విడిగా పేరు నమోదు చేసుకోవాలి, క్లాసుకి వెళ్తున్నాం కదా అని ఊరుకుంటే పరీక్ష రాయనివ్వరు.

బయల్దేరే ముందు మూడు తీసుకోండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో చెప్పే సర్టిఫికెట్, ప్రతి కోర్సు వివరణ పీడీఎఫ్ (తర్వాత వెబ్‌సైట్‌లో మారిపోతుంది), అక్కడి గ్రేడింగ్ పద్ధతి వివరించే పేజీ. ట్రాన్స్‌క్రిప్ట్ అప్పటికి రాదు, చాలా చోట్ల పరీక్షలైన నెల రెండు నెలలకి వస్తుంది. దాన్ని అక్కడి ఆఫీసు నుంచే నేరుగా మీ ఎగ్జామినేషన్ సెక్షన్‌కీ మీకూ ఒకేసారి మెయిల్ చేయమని చెప్పి రండి. వచ్చాక అర్జీతో జతచేసి ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకోండి. తర్వాతి సెమిస్టర్ మెమో చేతికి వచ్చినప్పుడు ఒక్కో సబ్జెక్టూ, ఒక్కో క్రెడిట్టూ లెర్నింగ్ అగ్రిమెంట్ పక్కన పెట్టి చూడండి. ఏదైనా తప్పితే ఆ వారమే వెళ్లి అడగండి, కాన్వొకేషన్ అప్లికేషన్ దాకా ఆగితే ఆ ఫైలు వెతికేవాళ్లు ఉండరు.